ఇంజను ఆపితే లైన్లో ప్రెషర్ పోతుందా? హైడ్రాలిక్ పైపు విప్పడంలో అపోహలు - వాస్తవాలు

మొన్న పొద్దున్నే ఒంగోలు దగ్గర టంగుటూరు అవతలి ఊరి నుంచి ఒక రైతు ఫోన్. "అన్నా, ట్రాక్టరు మట్టి ట్రక్కు లేచింది, దిగట్లా. దాన్ని లేపే జాకీ దగ్గర పైపు నట్టు పట్టేసింది. మావాడు కిందికి దూరి పైపు రెంచి వేశాడు, కదల్లేదు. నీ దగ్గర ఇంకా పెద్దది ఉందా?"

ముందు వాణ్ణి బయటికి రమ్మను అని అరిచాను. "ఇంజను ఆపేశాం గదన్నా" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా వింటున్న మాటే ఇది. విన్న ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

అపోహ: ఇంజను ఆపేస్తే పైపులో ప్రెషర్ ఉండదు.

ఉంటుంది. ఇంజను ఆపితే ఆగేది పంపు మాత్రమే. అప్పటికే జాకీలోకి ఎక్కిన ఆయిల్ ఎక్కడికి పోతుంది? పైన ట్రక్కు, దాని నిండా మట్టి. ఆ బరువంతా ఆ కాస్త ఆయిల్ మీదే కూర్చుని ఉంటుంది. ట్రాక్టరు వెనక టైరుకు మనం పెట్టే గాలి ఒక కిలో, కిలోంబావు. పూర్తి లోడు మీద హైడ్రాలిక్ ప్రెషర్ చాలా బండ్లలో 150 కిలోలు దాటుతుంది. ఆ నట్టు ఊడిందంటే ఆయిల్ చిమ్మడం ఒక్కటే కాదు, ట్రక్కు మొత్తం కిందికి వస్తుంది. కింద మనిషి ఉంటే పక్కకు జరిగే వ్యవధి కూడా ఉండదు. వెనక లిఫ్టు మీద రోటవేటర్ లేపి పెట్టినా ఇదే లెక్క.

కాబట్టి పానా పట్టుకునే ముందు లోడు నేలకు దించాలి. ఇంజను ఆపి, లివరు నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ ఆడించాలి. అప్పుడే లైన్లో ప్రెషర్ పోయినట్టు.

మరి దిగకపోతే? ఆ రైతు బాధా అదే. ట్రక్కు ఛాసీకి రెండు పక్కలా లావాటి దూలాలు ఆన్చాలి. మన వైపు చేతికి దొరికేవి సరుగుడు బాదులు, ఆ బరువుకు అవి ఆగవు. నేను వెళ్లేసరికి వాళ్లు రెండు తాటి దూలాలు తెప్పించారు, అవి ఆన్చాక ట్రక్కు పక్కనుంచి పారలతో మట్టి తోయించాను. ఆ తర్వాతే పక్కకు నిలబడి, ముఖం తిప్పుకుని, గోనెపట్టా కప్పి, పొడవు పిడి పానాతో నట్టును పావు చుట్టు వదులు చేశాను. ఆయిల్ సన్నగా కారుతూ కారుతూ ఆగిపోయింది. అసలు తప్పు నట్టుది కాదు. హోస్ పైపును నిలువునా కోసి చూస్తే లోపలి రబ్బరు పొర ఒకచోట ఊడి నాలుకలా వేలాడుతోంది. ఆయిల్ జాకీలోకి పోతుంటే పక్కకు ఒరుగుతుంది, తిరిగి వస్తుంటే అడ్డం పడుతుంది. అందుకే ట్రక్కు లేచింది గానీ దిగలేదు. ఆ ముక్క షెడ్డులో మేకుకు తగిలించాను. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నా.

అపోహ: లీకు ఎక్కడుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది.

దయచేసి వద్దు. సూది మొనంత బెజ్జం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో నా పక్కన పనిచేసే అతనికి జరిగింది. చూపుడు వేలి మీద తుమ్మముల్లు గుచ్చుకున్నట్టు చిన్న చుక్క, అంతే. నొప్పి కూడా లేదు. పసుపు రాసుకుని పనిలో పడ్డాడు. రాత్రికి వేలు నల్లబడి అరిటిపువ్వులా ఉబ్బింది. చివరికి రెండు కణుపులు తీసేశారు. గంటలు గడిచేకొద్దీ వేలు దక్కే అవకాశం తగ్గిపోతుంది. అలా గుచ్చుకుంటే నొప్పి లేకపోయినా అప్పుడే ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి పరుగెత్తండి. "ప్రెషర్ ఆయిల్ లోపలికి వెళ్లింది" అని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. ముల్లు గుచ్చుకుందని చెబితే కట్టు కట్టి పంపేస్తారు. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టండి.

అపోహ: పట్టేసిన నట్టుకు గ్యాసు మంట పెడితే వస్తుంది.

వస్తుంది, మంటలతో సహా. పైపులో మిగిలిన ఆయిల్ ఆవిరై అంటుకుంటుంది, పక్కనున్న హోసు కాలిపోతుంది. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రొయ్యల గుంటల దగ్గర తిరిగే బండ్లన్నీ ఉప్పుగాలికి ఇలాగే పట్టేస్తాయి. వాటికి కావాల్సింది ఓపిక. మరలు కనిపించేదాకా తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున నట్టు చుట్టూ చిన్న సుత్తితో తట్టండి. ఒక పానాతో యూనియన్‌ని (నట్టు ఎక్కే మరల ముక్కని) కదలకుండా పట్టుకుని, రెండోదానితో నట్టు తిప్పాలి. ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత వదులు చేయాలి. పైపు రెంచి జోలికి పోవద్దు, అంచులు అరగదీస్తుంది.

ట్రక్కు హోసును ట్రాక్టరుకు తగిలించే కప్లింగ్ ఊడట్లేదని సుత్తితో కొట్టేవాళ్లకు ఒక మాట. ఎండలో నిలబెట్టిన ట్రక్కు హోసులో ఆయిల్ వేడెక్కి వ్యాకోచించి, లోపలి గుండును బిగబడుతుంది. నీడకు చేర్చి చల్లారనివ్వండి, చేత్తోనే వస్తుంది.

టెఫ్లాన్ టేపు చుడితే లీకు ఆగుతుందా? కోను (చివరి ఏటవాలు అంచు) మీద కూర్చునే పైపుకు టేపుతో పనే లేదు. దాని పోగులు వెళ్లి వాల్వులో ఇరుక్కుంటాయి. ఎంత బిగిస్తే అంత మంచిదా? కోను పగులుతుంది.

ఇక నట్టుతోపాటు ఇనుప పైపు కూడా మెలిక తిరుగుతుంటే చాలామంది బెంబేలెత్తిపోతారు. వాల్వు బాడీ అంతా మార్చాలని ఎవరో చెప్పి ఉంటారు. అక్కర్లేదు నాయనా. పైపును నట్టుకు ఆనించి రంపంతో కోసేయండి. మొండిగా మిగిలిన నట్టు మీద ఆరు పలకల సాకెట్టు నిండుగా దిగుతుంది, పట్టు జారదు. పోయేది ఒక పైపు, దక్కేది వాల్వు. కోసిన ముక్కలు రెండూ పారేయకుండా ఒంగోలుకు తీసుకెళ్లండి. వాటి కొలతతోనే కొత్తది వంచి, కోను కొట్టి ఇస్తారు.