పాత ఫోన్‌కు కొత్త బ్యాటరీ

సెల్‌ఫోన్ వల్ల పర్యావరణానికి నష్టమనగానే చాలామందికి ముందుగా ఛార్జింగ్‌కు అయ్యే కరెంటే గుర్తొస్తుంది. లెక్క వేస్తే అది చిన్నదే. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టే శక్తి 20 వాట్‌అవర్లకు మించదు (వెయ్యి వాట్‌అవర్లు ఒక యూనిట్). ఛార్జర్‌లో వృథా అయ్యేదాన్ని కలుపుకొని రోజూ పూర్తిగా ఛార్జి చేసినా ఏడాదికి పది యూనిట్లు చాలు. విజయవాడ వేసవిలో తెల్లవార్లూ నడిచే ఏసీ ఒకటి రెండు రాత్రుల్లోనే అంత కరెంటు తాగేస్తుంది. ఆ పది యూనిట్లూ ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలోని బొగ్గు నుంచే వచ్చాయనుకున్నా, వెలువడే కార్బన్ డయాక్సైడ్ సుమారు పది కిలోలు.

అసలు భారం తయారీలో ఉంది. కంపెనీలు స్వయంగా ప్రకటించే లెక్కల ప్రకారం చాలా స్మార్ట్‌ఫోన్ల జీవితకాలపు ఉద్గారాలు 50 నుంచి 80 కిలోల మధ్య ఉంటాయి. అందులో దాదాపు ఐదింట నాలుగు వంతులు గనుల్లో ఖనిజం తవ్వడం మొదలు చిప్‌ల తయారీ వరకు, అంటే ఫోన్ మన చేతికి రాకముందే, గాలిలో కలిసిపోతాయి. కాబట్టి రెండేళ్లకు మార్చే ఫోన్‌ను నాలుగేళ్లు వాడితే, ఏడాదికి పడే తయారీ భారం సగానికి తగ్గుతుంది. పెట్టె మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, రీసైకిల్ ప్లాస్టిక్ ప్రకటన ఈ లెక్క ముందు పెద్దగా నిలవవు.

మన ప్రాంతంలో ఫోన్ ఆయుష్షును ముందుగా తినేది ఎండ. లిథియం అయాన్ బ్యాటరీలో ఆనోడ్ (ఛార్జి ఎక్కేటప్పుడు లిథియం వెళ్లి చేరే పలక) మీద ఏర్పడే పలుచని పొర, వేడి పెరిగేకొద్దీ త్వరగా మందమై, పనికొచ్చే లిథియంను తనలో బంధించేస్తుంది; బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఈ చర్య మరింత వేగంగా సాగుతుంది. ఐఫోన్లను 35 డిగ్రీల లోపు పరిసరాల్లో వాడమని ఆపిల్ సూచిస్తుంది. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో బెజవాడ నీడలో కూడా అంత చల్లదనం దొరకదు. స్కూటర్ హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్ సంగతి చెప్పనక్కరలేదు. ఛార్జింగ్‌ను 80 శాతం వద్ద ఆపే సెట్టింగ్ చాలా ఫోన్లలో ఉంది. దాన్ని వేసవిలోనైనా వాడుకోవాలి.

అంత జాగ్రత్త పడినా బ్యాటరీ నీరసిస్తే, మార్చవలసింది బ్యాటరీనే. బీసెంట్ రోడ్డు వైపు రిపేరు షాపుల్లో ఆ పనిని ఒకసారి నిలబడి చూడవచ్చు: వెనుక ప్యానెల్‌ను వేడి చేసి జిగురును మెత్తబరుస్తారు, పలుచని ప్లాస్టిక్ ముక్కను అంచు వెంట జరుపుతారు, పాతదాన్ని వంచకుండా మెల్లగా లేపి కొత్తది అమరుస్తారు. స్క్రూలతో బిగిస్తే సరిపోయేదానికి జిగురు పూసి పెట్టడం నిర్మాతల ఎంపిక. నెదర్లాండ్స్‌కు చెందిన ఫెయిర్‌ఫోన్ ఇందుకు భిన్నంగా, వినియోగదారుడే భాగాలు విప్పి మార్చుకోగల ఫోన్లు చేస్తోంది.

కొత్తది కొనక తప్పకపోతే కెమెరా కంటే ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగాలి. గూగుల్ పిక్సెల్ 8, శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24 ఏడేళ్ల హామీతో వచ్చాయి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధన ప్రకారం, 800 సార్లు ఛార్జి చేసిన తర్వాత కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగలాలి. వారంటీ ఉన్న రిఫర్బిష్డ్ ఫోన్ (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేది) కూడా మంచి బేరమే.

పాడైన ఫోన్‌ను బీరువాలో దాచడం వల్ల ఉపయోగం లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నియమాలు రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారుల మీదే పెట్టాయి. డేటా చెరిపేసి కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనో, అనుమతి ఉన్న సేకరణ కేంద్రంలోనో ఇవ్వాలి. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఛార్జి చేయకూడదు, పొడవకూడదు, మున్సిపల్ చెత్తబండిలో అసలే వేయకూడదు. చెత్తతోపాటు నలిగితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి మంటలు లేస్తాయి.