లైను తప్పకుండ గేర్ బాక్స్ తీసుడు

పాత స్పోర్ట్స్ కారు గేర్ బాక్స్ ఇంట్లనే తీస్తం అంటే మనోళ్లు మొదలు అడిగేది "అన్నా, బరువెంతుంటది, ఎంతమంది కావాలె" అని. బరువు సంగతి ఇద్దరు మనుషులు, ఒక చైన్ పుల్లీ చూసుకుంటయి. అసలు తిప్పలంతా గేర్ బాక్స్ ముందు నుంచి పొడుచుకొచ్చే ఆ చిన్న షాఫ్ట్ తోనే.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ సంగతి చూద్దాం, 1962 నుంచి 1980 దాకా ఇంగ్లాండుల తయారైన రెండు సీట్ల ఓపెన్ కారు. హన్మకొండల ఇది ఎవరింట్ల ఉంటదిలే అనుకోకండి, దీని ఛాసిస్ వచ్చింది ట్రయంఫ్ హెరాల్డ్ నుంచి, ఆ హెరాల్డే మన దేశంల మద్రాసుల స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతోని తయారైంది, ఇంట్ల పెద్దోళ్లని అడిగితే ఎంటనే గుర్తుపడతరు. రెండు కార్లకీ రూపం గీసింది జొవాన్నీ మికెలొట్టి అనే ఇటలీ డిజైనరే. గేర్ బాక్స్ తీసే తీరు కూడా రెంటికీ ఒకటే, అది కారు లోపల్నుంచి బయటికొస్తది. సీట్లు, కార్పెట్ తీసి, డాష్ బోర్డు కింద సపోర్ట్ బ్రాకెట్ ఇప్పి, మధ్యల ఉబ్బెత్తుగ ఉండే టన్నెల్ కవర్ స్క్రూలు తీస్తే గేర్ బాక్స్ మొత్తం కండ్ల ముంగట ఉంటది. అదే కాలం, అదే దేశం, ఎంజీబీ కారుకు మాత్రం ఇంజిన్, గేర్ బాక్స్ రెండూ కలిపి బానెట్ల నుంచే తీయాలె. మే నెలల వరంగల్ ఎండకి రేకుల షెడ్డు కింద పని చేసేటోడు ఎవరికి దండం పెడతడో చెప్పనక్కర్లేదు.

అసలు ఈ డబ్బా ఎందుకు అంటే, పెట్రోలు ఇంజిన్ కి తక్కువ స్పీడుల జోరు ఉండదు. 1967ల వచ్చిన స్పిట్‌ఫైర్ మార్క్ 3 ఇంజిన్ 1296 సీసీ, అది మస్తు గట్టిగ తిప్పినా వచ్చే టార్క్ (తిప్పే జోరు) దగ్గర దగ్గర 100 న్యూటన్ మీటర్లు. ఫస్ట్ గేర్ దాన్ని 3.75 రెట్లు చేస్తది, వెనక చక్రాల మధ్యల ఉండే డిఫరెన్షియల్ ఇంకో 4.11 రెట్లు, అంటే ఇంజిన్ 15 చుట్లకు పైగ తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతది, స్పీడు పోయినంత జోరు పెరుగుతది. ఈ 100 అనే నంబరు గుర్తుంచుకోండి, మళ్ల పనికొస్తది.

పని మొదలువెట్టే ముందు బ్యాటరీ. స్టార్టర్ మోటరు బెల్ హౌసింగ్ (గేర్ బాక్స్ ఇంజిన్ కి అతికే కాడ గంట లెక్క ఉండే భాగం) కాడనే ఉంటది, దానికి లావు వైరు నేరుగ వస్తది, పానా తగిలితే నిప్పులే. మార్క్ 1, మార్క్ 2 కార్లల్ల ప్లస్ వైరు బాడీకి ఉంటది, మార్క్ 3 నుంచి మైనస్ అయింది, గందుకే రంగు చూసి కాదు, బాడీకి పోయిన వైరు ఏదో చూసి అదే ముందు ఇప్పాలె. తర్వాత గేర్ బాక్స్ నుంచి వెనకకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగు బోల్టులు, స్పీడోమీటర్ కేబుల్, పెడల్ తొక్కితే క్లచ్ ని నూకే స్లేవ్ సిలిండర్ (పైపు ఊడదీయకుండ ఒక తీగతోని పక్కకు కట్టేస్తే చాలు, కాని ఆ తర్వాత ఎవరూ పెడల్ తొక్కొద్దు). ఇంజిన్ ముందల రెండు మౌంట్ల మీద, వెనక గేర్ బాక్స్ మౌంట్ మీద కూసుంటది, వెనకది పోతే ఇంజిన్ తోక కిందికి వాలుతది కాబట్టి సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి) కింద చెక్క ముక్క పెట్టి జాకీ ఆనించాలె. కారు బరువు మాత్రం ఎప్పుడూ స్టాండుల మీదనే ఉండాలె, జాకీని నమ్ముకోవద్దు.

ఇగ షాఫ్ట్ కాడికొద్దాం. గేర్ బాక్స్ ముందు షాఫ్ట్, క్లచ్ ని వదిలిపించే రిలీజ్ బేరింగ్ ల నుంచి దూరి, క్లచ్ ప్లేట్ మధ్య పండ్లల్ల కూసోని, దాని మొన పోయి ఇంజిన్ ల తిరిగే క్రాంక్ షాఫ్ట్ చివర్ల ఉన్న చిన్న ఇత్తడి రంగు బుష్ ల ఆగుతది. ఇవన్నీ ఒకే గీత మీద ఉంటయి. బెల్ హౌసింగ్ బోల్టులన్నీ ఇప్పినంక గేర్ బాక్స్ ని ఒరలకెల్లి కత్తి దూసినట్టు నేరుగ వెనక్కి జరపాలె, ఒక్క వైపు వాలినా పట్టేస్తది. చానామంది ఇక్కడనే "జర ఆగుదాం, చాయ్ తాగొద్దాం" అని సగం బయటికొచ్చిన గేర్ బాక్స్ ని షాఫ్ట్ మీదనే వేలాడదీసి పోతరు. డబ్బా బరువు 30 కిలోలు అనుకుందాం, ఆ బరువు షాఫ్ట్ మొన కెల్లి 30 సెంటీమీటర్ల దూరంల పడ్డదనుకుంటే, క్లచ్ ప్లేట్ మీద పడే వంపుడు జోరు దాదాపు 90 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ మొత్తం ఇచ్చే టార్క్ అంత! క్లచ్ ప్లేట్ ఆ టార్క్ ని తిరిగే దిక్కున తట్టుకునేటందుకు చేసింది, అడ్డంగ వంచితే ఆ పల్చటి రేకు ఎందుకు తట్టుకుంటది. ప్లేటు వంగితే కంటికి కనపడదు, అంతా బిగించి బండి నడిపినంక క్లచ్ సరిగ్గ వదలకపోతే అప్పుడు తెలుస్తది, మళ్ల మొదటికి. గందుకే తలకాయలు కోసేసిన రెండు పొడుగు బోల్టులు బెల్ హౌసింగ్ రంధ్రాలల్ల గైడ్ లెక్క పెడతరు, డబ్బా వాటి మీదనే జారుతది, షాఫ్ట్ మీద భారం పడదు. పైకి లేపేటందుకు మన ఊర్లల్ల బోరు మోటర్లు ఎల్లదీసే వాళ్ల మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ కిరాయికి తెచ్చుకోవచ్చు, టాప్ తీసిన స్పిట్‌ఫైర్ కి అంతకన్న మంచి సామాను లేదు.

ఆ చిన్న బుష్ గురించి ఎవరూ పట్టించుకోరు గాని నాకు మొత్తం పనిల ఇష్టమైంది అదే. క్లచ్ పట్టుకొని బండి నడిచేటప్పుడు క్రాంక్, గేర్ బాక్స్ షాఫ్ట్ ఒకే స్పీడుల తిరుగుతయి కాబట్టి బుష్ ల రాపిడి అసలే ఉండదు, మనం పెడల్ తొక్కినప్పుడే దానికి పని. సిగ్నల్ కాడ గేర్ల ఉంచి పెడల్ తొక్కి నిలబడేటోడి బుష్ తొందరగ అరుగుతది. మరి అరిగినదాన్ని బయటికి తీసుడెట్ల, అది మూసుకపోయిన రంధ్రంల ఉంటది, వెనక నుంచి కొట్టేటందుకు దారి లేదు. రంధ్రం నిండ గ్రీజు కుక్కి, బుష్ ల టైట్ గ పట్టే ఇనుప కడ్డీ పెట్టి సుత్తెతోని కొట్టాలె. గ్రీజు నలగదు, పోవడానికి జాగ లేదు, పాస్కల్ చెప్పినట్టు ఒత్తిడి అన్ని దిక్కులా సమానంగ పోయి బుష్ వెనక అంచుని బయటికి నూకుతది. కడ్డీ 12 మిల్లీమీటర్లు, బుష్ బయటి కొలత 20 అనుకుంటే బుష్ మీద పడే బలం మన సుత్తె దెబ్బకు దాదాపు 1.8 రెట్లు. కొత్త బుష్ ని రాత్రంత ఇంజిన్ ఆయిల్ ల నానబెట్టాలె, అది పొడిని ఒత్తి చేసిన కంచు, సన్నటి రంధ్రాలల్ల ఆయిల్ పట్టుకొని ఉంటది.

పాత క్లచ్ దుమ్ముని నోటితోని ఊదొద్దు, కంప్రెసర్ పెట్టొద్దు, ఆ కాలం లైనింగ్ లల్ల ఆస్బెస్టాస్ ఉండేది, తడి గుడ్డతోని తుడిచి కవర్ల కట్టి పారేయాలె. మళ్ల బిగించేటప్పుడు కూడా అదే లైను కథ, క్లచ్ ప్లేట్ ని మధ్యల నిలపకుండ, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేట్ బిగిస్తే షాఫ్ట్ లోపలికి దూరదు. పాత షాఫ్ట్ ఉంటే అదే కొలత, లేకపోతే లేత్ షాపుల చెక్కతోని ఒక కడ్డీ చేయించుకోవచ్చు.

గేర్ బాక్స్ ల కెల్లి తీసిన ఆయిల్ ని పారబోసే ముందు ఒక పళ్లెంల పోసి పాత స్పీకర్ అయస్కాంతం తిప్పండి. అంటుకున్నది ఇనుము, గేర్ పండ్లది గాని బేరింగ్ ది గాని. అంటుకోకుండ పసుపచ్చగ మెరిసేది సింక్రో రింగుల (గేర్ మార్చేటప్పుడు స్పీడు కలిపేవి) ఇత్తడి, అది ఎక్కువ కనపడితే రెండో గేర్ కర్రుమనేది ఎందుకో తెలిసినట్టే. షాపుల జీఎల్-5 గ్రేడు గేర్ ఆయిల్ ఇస్తరు, "కొత్తది, ఇంకా మంచిది" అని, కాని అండ్ల గంధకం ఉన్న మందులు ఎక్కువ, ఉక్కు పండ్లకు అది పొర కట్టి కాపాడతది, ఇత్తడి రింగులను మాత్రం మెల్లగ తింటది. జీఎల్-4 అడిగి తీసుకోండి, సాపు జాగల బండి పెట్టి పక్కన లెవెల్ ప్లగ్ ల నుంచి చుక్క కారేదాక పోయండి.