మిద్దె తోటకు తాతయ్య లెక్క

హనుమకొండ

పిల్లలూ,

మీరు గీసి పంపిన మిద్దె తోట బొమ్మ చూశాను. మామిడి చెట్టు కూడా పెట్టారే! ‘పొలం నుంచి ఒక ట్రాక్టరు మట్టి తెప్పిస్తే చాలు తాతయ్యా’ అని కింద రాశారు. అంత మట్టి మోయగలవా అని మిద్దెను ఎవరూ అడగలేదు.

ఒకప్పుడు నేనూ అడగలేదు. ఇదే మిద్దె మీద ఇటుకలతో మడి కట్టి, నల్లరేగడి నింపి వంగ మొక్కలు నాటాను. శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. రేగడి నీళ్లు తాగిందే తప్ప వదల్లేదు. ఐదో రోజు మీ నాయనమ్మ పొయ్యి పక్కన చుక్కా చుక్కా కారడం మొదలైంది. ఎన్ని సున్నాలు వేసినా ఆ మరక ఇప్పటికీ పోలేదు.

అడుగు మందాన తడి మట్టి పరిస్తే చదరపు మీటరుకు 500 కిలోల పైమాటే. మనుషులు తిరిగే మామూలు మిద్దెకు ఇంజనీర్లు లెక్కవేసే అదనపు బరువు 150 కిలోలు.

రామప్ప గుడి గుర్తుందా? 1213 నాటి ఆ గుడిలో స్తంభాలన్నీ రాయి. శిఖరానికి మాత్రం నీళ్లలో తేలే ఇటుకలు వాడారు. ఇటుక నిండా సన్నటి బొక్కలు, వాటిలో గాలి. అదే యుక్తి ఇప్పుడు మిద్దె తోటలకు పనికొస్తోంది. కొన్ని రకాల బంకమట్టిని సుమారు 1,200 డిగ్రీల వేడిలో కాలిస్తే, లోపల పుట్టే వాయువుకు బొరుగుల్లా ఉబ్బుతుంది. నర్సరీలో క్లే బాల్స్ అంటారు. రేగుపండంత ఉంటాయి. ఒకటి తెచ్చి బకెట్లో వేస్తే బుడుంగున మునిగి, వెంటనే తేలింది. ‘ఈ వయసులో నీళ్లాటలా’ అంది నాయనమ్మ.

మిద్దెకు ముందు నీరు దిగని పూత, దానిపై వేళ్లను ఆపే షీటు, ఆపైన ఈ గుండ్లు పలచగా. వాటి మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ. టీ వడకట్టే గుడ్డలా నీటిని వదిలి మట్టిని ఆపుతుంది. అన్నిటికంటే పైన కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, కాస్త ఎర్రమట్టి కలిపి నాలుగంగుళాలు. కొబ్బరి పొట్టు ఎండినప్పుడు దూదిలా తేలిక, తడిస్తే కాదు. అందుకే తూకం తడిపాకే వేయాలి.

ప్లాస్టిక్ గడ్డి మాత్రం వద్దు. మే నెల ఎండలో చెప్పుల్లేకుండా దానిపై నిలబడ్డవాణ్ణి, నా మాట నమ్మండి.

మిద్దె మీద మెంతి, తోటకూర, పుదీనా వేద్దాం. మామిడి మొక్కను దసరా సెలవులకు వచ్చేటప్పుడు తెండి, పెరట్లో నాటుదాం. ఆదివారం ఇంజనీరు కప్పు చూడటానికి వస్తున్నాడు. ముందుగా ఆ మరకే చూపించాలని నాయనమ్మ పట్టు.

మీ తాతయ్య