గోదారి గట్టున ఇంగ్లీషు ప్రేమకథ: అపోహలు - వాస్తవాలు

నేనుండేది పాలకొల్లులో. కథాచర్చలకు పిలిస్తే హైదరాబాద్ వెళ్తాను, లేకపోతే ఇక్కడే కూర్చుని సీన్ పేపర్లు రాసుకుంటాను. కొన్నేళ్ళుగా నా దగ్గరికి వచ్చే పని దాదాపు ఒకటే. "ఇంగ్లీషు రొమాంటిక్ కామెడీ ఫీల్ రావాలండీ, కానీ పక్కా గోదావరి నేటివిటీ ఉండాలి." అడగడంలో తప్పేం లేదు. కానీ అడిగేవాళ్ళ బుర్రలో కొన్ని నమ్మకాలు గట్టిగా పాతుకుపోయి ఉంటాయి. సిట్టింగ్‌లో సగం టైము వాటిని పీకడానికే పోతోంది, అందుకే ఒకసారి రాసి పెట్టేస్తున్నాను.

అపోహ: మనవి పాటలు, కుటుంబాలు. వాళ్ళవి ముద్దులు, మాటలు. కలిపితే కలగాపులగం అవుతుంది.

వాస్తవం: 1935లో వచ్చిన 'టాప్ హ్యాట్' చూడండి. ఫ్రెడ్ అస్టేర్, జింజర్ రోజర్స్ గొడవపడుతూనే పాడతారు, పాడుతూనే ప్రేమలో పడతారు. పాట మన ఒక్కళ్ళ సొత్తేం కాదు. ముద్దు వాళ్ళ సొత్తూ కాదు. 1933 నాటి 'కర్మ'లో హిమాంశు రాయ్, దేవికా రాణిల ముద్దు ఉంది. ఆ తర్వాతి ఏడాది హాలీవుడ్డే తన మీద తాను సెన్సార్ నియమావళిని బిగించుకుంది. పడకగది చూపించకూడదు కాబట్టి అక్కడి రచయితలు రొమాన్స్ మొత్తాన్ని మాటల్లోకి తోసేశారు. అది బిగియడానికి కొన్ని నెలల ముందు వచ్చిన 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్'లో రెండు మంచాల మధ్య తాడు కట్టి దుప్పటి ఆరేస్తారు. ఆ దుప్పటి మీద నడిచిన రొమాన్స్ ముందు ఏ ముద్దు సీనూ నిలబడదని నా అభిప్రాయం.

పెద్దవాళ్ళు అడ్డుపడటం మన ఒక్కళ్ళ గోల అనుకుంటే అదీ పొరపాటే. రెండువేల ఏళ్ళకు ముందే రోమ్‌లో ప్లాటస్, టెరెన్స్ నాటకాల్లో కొడుకు ప్రేమకు తండ్రి అడ్డం, తెలివైన పనివాడు సాయం. ఇంగ్లీషు సినిమాల్లో హీరో పక్కన జోకులేసే స్నేహితుడు ఉంటాడే, శాకుంతలంలో దుష్యంతుడి వెంట తిరిగే మాధవ్యుడు ఎవరు మరి?

తేడా ఎక్కడుందంటే, అడ్డంకి ఎక్కడ పెట్టారన్న దగ్గర. మన కథలో అది ఇంట్లో కూర్చుని ఉంటుంది. నాన్న, కులం, కట్నం, పొలం. వాళ్ళ కథలో ఆ ఇద్దరి లోపలే ఉంటుంది. అతని పొగరు, ఆమె తొందరపాటు. రెండూ పనిచేస్తే మేళవింపు. ఒకటి మాత్రమే పనిచేస్తే, ఎన్ని అరటితోటలు చూపించినా అది ఇంగ్లీషు సినిమాకి కట్టిన పంచే.

అపోహ: జేన్ ఆస్టిన్ నవల తీసుకుని ఊరి పేర్లు మార్చేస్తే సరిపోతుంది.

ఈ మాట నాతో అన్నవాళ్ళు తక్కువలో తక్కువ నలుగురు. 2004లో గురిందర్ చద్దా 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'ని అమృత్‌సర్‌కి తెచ్చి 'బ్రైడ్ అండ్ ప్రెజుడిస్' తీశారు. ఐశ్వర్యా రాయ్ హీరోయిన్, హీరో అమెరికా హోటళ్ళ వారసుడు. అనూ మాలిక్ పాటలు, సరోజ్ ఖాన్ నృత్యాలు. మనం నవల హీరో డార్సీని డాలస్ నుంచి భీమవరం దింపితే అయిపోతుందిగా అంటారు.

సరే, దింపుదాం. నవలలో కాలిన్స్ అని ఒక చాదస్తపు మనిషి ఉంటాడు. హీరోయిన్ ఎలిజబెత్ తండ్రి ఆస్తికి మగ వారసుడు లేడు కాబట్టి ఇల్లు ఇతనికే పోతుంది. ఆ ధీమాతో వచ్చి ఎలిజబెత్‌ని పెళ్ళాడతానంటాడు. ఇంగ్లండులో ఇది మంచి హాస్యం. మన దగ్గర వరస కట్టి చూడండి. అతను తండ్రికి తమ్ముడి వరస, అదీ ఆస్తి దిగే మగవాళ్ళ వైపు నుంచే. అంటే ఆ అమ్మాయికి బాబాయి! భీమవరం హాల్లో ఈ సీన్ పడితే జనం నవ్వరు, కుర్చీలు లేపుతారు. ఇలాంటి కథే ఒకటి రాస్తున్నాం, దాని మొదటి సిట్టింగ్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు డైరెక్టర్ గారు రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత కాలిన్స్‌ని మేనత్త కొడుకుని చేశాం. దాంతో సీన్‌కి కొత్త బలం వచ్చింది. బావ వరస అంటే అడిగే హక్కు ఉన్నట్టే లెక్క. కాదంటే మేనత్త అలుగుతుంది, నాన్న చెల్లెలి ముందు తల ఎత్తుకోలేడు. ఆస్టిన్‌లో లేని చిక్కు మనకి ఉచితంగా దొరికింది.

ఇంకో చిక్కు చట్టం. కూతుళ్ళకు ఆస్తి రాదన్న మాట మీద నవల నడుస్తుంది. ఉమ్మడి ఆస్తిలో అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం సవరించింది. 2005లో దేశమంతటా కూతుళ్ళకు ఆ హక్కు వచ్చింది. కాబట్టి "మనకి ఇల్లు పోతుందమ్మా" అని తల్లి ఏడిస్తే ఎదురింటి లాయరు గారు కూడా నమ్మడు. మేం రొయ్యల చెరువు మీద అప్పు పెట్టాం. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చి ఒక పంట పోతే చాలు, అయిదుగురు కూతుళ్ళున్న తండ్రి పరిస్థితి డెల్టాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే నవల మనకి ఒక పెద్ద సాయం చేసింది. మొత్తం 61 అధ్యాయాలు. డార్సీ మొదటిసారి పెళ్ళి ప్రస్తావన తెచ్చి చీవాట్లు తినేది 34లో. రెండొందల ఏళ్ళ కిందటే ఆవిడ ఇంటర్వెల్ బ్యాంగ్ ఎక్కడ పడాలో లెక్క చూసుకున్నట్టు లేదూ!

అపోహ: హీరో ఇంగ్లీషులో మాట్లాడితే, హీరోయిన్ "ఆయ్" అంటే రెండు సంస్కృతులూ కలిసిపోయినట్టే.

"ఆయ్" అన్నది యాస, హాస్యం కాదు. పాత హాలీవుడ్ ప్రేమకథల్లో ఆడపిల్ల గుక్క తిప్పుకోకుండా మాటకు మాట విసురుతుంది. దానికి మన దగ్గర సరిజోడు గోదారి వెటకారం. కాకపోతే వేగం వేరు. ఇక్కడ నెమ్మదిగా, మర్యాదగా, "అండీ" తగిలించి మరీ పొడుస్తారు. పొడిచాక నవ్వరు. నా సీన్ పేపర్ నుంచి ఒక ముక్క:

"మీ ఊళ్ళో మంచి కాఫీ దొరుకుతుందా?"

"ఎందుకు దొరకదండీ? మొన్ననే కనిపెట్టాం."

ఈ మాట చెప్పేటప్పుడు నటి కళ్ళెగరేస్తే పోయినట్టే. నేను బ్రాకెట్లో "మామూలుగా" అని రాస్తాను. సెట్‌లో అది ఎవరూ చదవరు, అది వేరే బాధ.

ఉత్తరాల సంగతీ ఒకటి ఉంది. హాలీవుడ్‌లో 1940 నాటి 'ది షాప్ అరౌండ్ ది కార్నర్'లో ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండానే ఉత్తరాలు రాసుకుంటారు. మన నరసాపురంలో పుట్టిన జంధ్యాల 1984లో 'శ్రీవారికి ప్రేమలేఖ' తీశారు. ఊహల్లోని మనిషికి రాసిన ఉత్తరం నిజం మనిషి చేతిలో పడటం అందులో కథ. దాని మూలం పొత్తూరి విజయలక్ష్మి గారి నవల. అక్కడి నుంచి ఎత్తుకురానక్కర్లేదు, మన అరలోనే సరుకుంది.

అపోహ: గోదావరి డెల్టా అంటే లాంచీ, పాపికొండలు.

లాంచీ ప్రేమకథలు మనకి బాగా గుర్తు. 1973లో 'అందాల రాముడు', 2006లో 'గోదావరి', రెండూ భద్రాచలం దారి పట్టినవే. కానీ అది ఎగువ. డెల్టా అంటే ధవళేశ్వరం ఆనకట్టకు దిగువ. ఇక్కడ కొండలు లేవు, ఉన్నవి కాలువలు, గట్లు, రేవులు. ఒక కంపెనీ వాళ్ళు నా మాట వినకుండా మే నెలలో కాలువ గట్టు మీద పాట పెట్టుకున్నారు. దాళ్వా (రబీ వరి) అయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారని వాళ్ళకి ఎవరూ చెప్పలేదట. నేను చెప్పాను, రెండుసార్లు! వచ్చి చూస్తే అడుగున బురద, దాని మీద ఎండిన గుర్రపుడెక్క. హీరోయిన్ గొడుగు కింద, కెమెరామన్ తల పట్టుకుని. చివరికి పాట పెరుపాలెం బీచ్‌లో తీశారు. నీళ్ళ మీద ఎర్రదనం కావాలంటే వరదల రోజులు, పచ్చదనం కావాలంటే సార్వా (ఖరీఫ్ వరి) నాట్లయ్యాక. ఇవన్నీ వన్ లైన్ ఆర్డర్, అంటే ఏ సీన్ తర్వాత ఏ సీన్ అన్న వరస, వేసేటప్పుడే చూసుకోవాలి.

అపోహ: క్లైమాక్స్‌లో హీరో ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాల్సిందే.

మా దగ్గరి ఎయిర్‌పోర్టు రాజమండ్రి పక్కన మధురపూడిలో. అక్కడ టిక్కెట్టు లేకుండా గుమ్మం దాటనివ్వరు, అక్కడే ఆగిపోతుంది పరుగు. మేం సఖినేటిపల్లి రేవు పెట్టుకున్నాం. అవతల నరసాపురం, మధ్యలో గోదారి పాయ వశిష్ఠ. మా కథలో పంటు (మనుషుల్నీ బళ్ళనీ రేవు దాటించే పెద్ద పడవ) అప్పటికే నిండిపోయింది, బైకులు, కొబ్బరి గెలలు, ఒక పెళ్ళివారి వ్యాను. హీరో గట్టు మీద అరుస్తుంటాడు, ఇంజిన్ మోతలో ఆమెకి ఒక్క ముక్కా వినపడదు. పక్కనున్న ముసలాయన విని, వరసగా అందించుకుంటూ చెప్తారు. మాట పంటు చివరికి చేరేసరికి పూర్తిగా మారిపోతుంది. ఏమని చేరిందన్నది ఇంకా తేలలేదు. నా దగ్గర మూడు వెర్షన్లు ఉన్నాయి, డైరెక్టర్ గారికి నాలుగోది కావాలట.