ఆంబోతు పని లెక్క, విశ్రాంతి లెక్క

ఎదకొచ్చిన ఆవు కనబడితే అలసిన ఆంబోతు కూడా దాటుతుంది. దాటాలన్న ఊపు వేరు, చూలు నిలబెట్టే వీర్యం వేరు. మొదటిది ఉంటే రెండోది ఉన్నట్టే అనుకోవడం పశువుల పెంపకంలో ఖరీదైన పొరపాటు. ఆ నమ్మకంతో పని పెంచిన చోట మూడు వారాలు తిరిగేసరికి ఆవులు వరసగా తిరగపొర్లుతాయి, అంటే చూలు నిలవక మళ్లీ ఎదకొస్తాయి.

వృషణంలో ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 61 రోజులు పడుతుంది. ఆపైన వృషణాన్ని అంటిపెట్టుకున్న మెలికల గొట్టంలో ఇంకో వారం పది రోజులు సాగుతూ పక్వానికొస్తుంది. దాణా పెంచినా, టానిక్కులు పట్టించినా ఈ గడువు తగ్గదు. ఎదిగిన ఆంబోతులో రోజుకు దాదాపు 500 నుంచి 700 కోట్ల కణాలు పుడతాయి. ఒక్క దాటుకు వచ్చే వీర్యం 4 నుంచి 8 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు వంద కోట్ల పైమాటే. అంటే ఒక దాటు ఇంచుమించు ఒక రోజు ఉత్పత్తిని తీసుకుపోతుంది. మెలికల గొట్టం చివర కొన్ని రోజుల నిల్వ ఉంటుంది కాబట్టి ఒకరోజు మూడు నాలుగు సార్లు దాటినా గడిచిపోతుంది. రోజూ అదే వరస అయితే నిల్వ అడుగంటుతుంది. ఎంత వాడినా ఉత్పత్తి మాత్రం పెరగదు.

మందలో వదిలే ఆంబోతుకు ఎన్ని ఆవులు? ఏడాది దాటిన కోడెకు దాని వయసు ఎన్ని నెలలో అన్ని ఆవులు: 15 నెలలదైతే 15. ఎదిగినదానికి 25 నుంచి 30. ఎద 21 రోజులకోసారి వస్తుంది కనుక 25 ఆవుల మందలో సగటున రోజుకు ఒకటి, అప్పుడప్పుడు రెండు ఎదలో ఉంటాయి. ఒక్కోదాన్ని పలుమార్లు దాటినా ఆంబోతు తట్టుకుంటుంది. ఇంజెక్షన్లతో అన్నిటినీ ఒకేసారి ఎదకు తెస్తే ఈ లెక్క చెల్లదు. అప్పుడు ఎదిగిన ఆంబోతుకైనా 15 మించకూడదు.

కట్టేసి దాటించే చోట కోడెకు వారానికి రెండు మూడు దాట్లు చాలు, ఎదిగినదానికి నాలుగు. వేసవిలో తెల్లవారుజామునో, పొద్దువాలాకో దాటించాలి. రెండు ఆంబోతులుంటే రెండు వారాలకోసారి మార్చడం మేలు. రెండూ ఒకేసారి మందలో ఉంటే, వాటిలో ఒకటి ముసలిదైతే, అదే ఆవులన్నిటినీ కాచుకుని రెండోదాన్ని దగ్గరికి రానివ్వదు. కాచుకున్నదాని వీర్యం బలహీనమైతే ఆ ఏడాది దూడల్లేనట్టే.

విశ్రాంతి అంటే సిమెంటు గచ్చు మీద పలుపుతో బిగించడం కాదు. దాటేటప్పుడు బరువంతా వెనక కాళ్ల మీదే పడుతుంది. నడక లేక గిట్టలు పెరిగిన ఆంబోతు పనిలో పెట్టగానే త్వరగా కుంటుతుంది. ఊరికే నిలబెట్టి దాణా మేపితే వృషణాల తిత్తి పైభాగాన కొవ్వు చేరుతుంది. వృషణాలు ఒంటి వేడికన్నా 2 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉండాలి. ఆ కొవ్వు వేడిని బయటికి పోనివ్వదు. నెలల తరబడి దాటించకపోయినా చిక్కే, నిల్వలో ముసలి కణాలు పేరుకుంటాయి. అందుకే వీర్యం సేకరించే కేంద్రాల్లో ఎక్కువగా వారానికి రెండు రోజులు, రోజుకు రెండు విడతలు తీస్తారు. పొలంలోనైతే చాలాకాలం ఖాళీగా ఉన్నదాని మొదటి ఒకటి రెండు దాట్లను లెక్కలోకి తీసుకోకూడదు.

అన్నిటికన్నా మోసం చేసేది జ్వరం. నాలుగు రోజులు ఒళ్లు కాలి తగ్గాక ఆంబోతు మేస్తుంది, రంకె వేస్తుంది, దాటుతుంది. మొదటి వారం పది రోజులు వీర్యం కూడా బాగానే ఉంటుంది, అది జ్వరానికి ముందు తయారైన సరుకు. దెబ్బతిన్న కణాలు బయటపడేది రెండో వారం దాటాక. అప్పుడు దాటిన ఆవులు మళ్లీ ఎదకు రావడానికి ఇంకో మూడు వారాలు. ఈలోపు జ్వరం సంగతి అందరూ మరిచిపోయి, తప్పు ఆవులదని తేల్చేస్తారు. జ్వరం తగ్గిన తేదీని గోడ మీదైనా రాసుకుని, అక్కడినుంచి 70 రోజులు లెక్కపెట్టి, వీర్యం పరీక్ష చేయించాకే మళ్లీ పనిలో పెట్టాలి.