కొండ అంచున గాలి ఇల్లు

చిన్నీ, బుజ్జీ,

నేను పంపిన ఫోటో చూసి "తాతా, అది దయ్యాల కొంపనా?" అని అడిగారు కదా. కాదు, ఫ్యాన్ పెట్టడానికి కట్టిన ఇల్లు. ఫోన్లో చెప్తే సగం వినరు, అందుకే రాస్తున్నా.

ఇంగ్లండ్‌లో మీ బాబాయి దగ్గర ఉన్నప్పుడు ఒక ఆదివారం సాల్ట్‌బర్న్ నుంచి సముద్రం పక్కన కొండ మీదుగా నడిచాం. ఒకటే గాలి, నా కండువా ఎక్కడ ఎగిరిపోతుందో అని టెన్షన్. అక్కడే ఒకప్పుడు హంట్‌క్లిఫ్ ఇనుపరాయి గని ఉండేది, 1872లో మొదలై 1906లో మూతపడింది. ఆ క్లీవ్‌ల్యాండ్ ప్రాంతంలో ఇట్లాంటి గనులు చాలా ఉండేవట, చివరిదైన నార్త్ స్కెల్టన్ 1964లో ఆగిపోయింది. మేం పోయిన దారిలో గని గుర్తుగా నాకు కనబడ్డవి మాత్రం ఈ ఇటుక గోడలే.

గనికి గాలెందుకంటారా? దేవరకొండ దగ్గర మన మోటబావి తవ్వినప్పుడు నేను మీ అంతే ఉన్నా. బండకు రంధ్రాలు కొట్టి, మందు దట్టించి పేల్చేవాళ్లు. పేలిన వెంటనే ఎవరూ దిగేవాళ్లు కాదు. ముందు తాడుకు కందిలి కట్టి దించేవాళ్లు, అది కొండెక్కిందా, ఇక ఆ పూటకు పని బంద్. వేపమండలు కట్టగా కట్టి పైకీ కిందికీ ఆడిస్తే లోపలి పొగ కదిలేది. నలభై అడుగుల బావికే ఇంత తిప్పలైతే, భూమి కింద ఎంతెంతో దూరం సొరంగాలు తవ్వి, రోజూ మందు పేలుస్తూ, మనుషులూ గుర్రాలూ దీపాలూ అన్నిటికీ ఆ ఉన్న గాలే దిక్కయిన చోట వేపమండలు ఏం సరిపోతాయి?

మొదట్లో గనుల్లో నిప్పే ఆ పని చేసేది. గనిలోంచి పైకి రెండు దారులు ఉంచి, ఒకదాని అడుగున పెద్ద పొయ్యి వెలిగిస్తే వేడిగాలి పైకి పోయేది, దాని వెనకే రెండో దారిలోంచి చల్లగాలి లోపలికి వచ్చేది. ఆ తర్వాత బెల్జియంలో పనిచేసిన గిబాల్ అనే ఇంజనీరు చేసిన ఫ్యాన్లు వచ్చాయి, ఫోటోలో ఇల్లు అట్లాంటి ఫ్యాన్‌కు కట్టిందే. ఆవిరి ఇంజన్‌తో తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ అనుకోండి, కాకపోతే కొన్ని 30 అడుగుల పైనే, మూడంతస్తుల మేడంత! చుట్టూ గోడ కట్టేసి, గాలి బయటికి పోయే చిమ్నీని పైకి పోనుపోను వెడల్పు చేశాడాయన. ఇరుకు దారిలోంచి గాలి దూసుకుపోతే ఆ జోరంతా ఆకాశం పాలు, బొగ్గు దండగ. దారి వెడల్పయితే గాలి నెమ్మదిస్తుంది, మిగిలిన శక్తి గనిలో గాలిని లాగడానికే పనికొస్తుంది. ఎంత తెలివో చూడండి. నేనైతే ఆ గోడ దగ్గర అరగంట నిలబడిపోయా, బాబాయి చలికి వణుకుతూ తిట్టుకున్నాడు.

ఇంత చేసినా గాలి మన బుజ్జి లాంటిదే, దగ్గరి దారి దొరికితే అటే పోతుంది. అట్లా పోకుండా సొరంగాలకు అక్కడక్కడా తలుపులు పెట్టేవాళ్లు. గుర్రం బండి వచ్చినప్పుడు తలుపు తీసి, అది దాటగానే మళ్లీ మూయాలి. ఆ పని పిల్లలది. చీకట్లో ఒక్కడే కూర్చుని, బండి చప్పుడు కోసం చెవులు రిక్కించి.

రెండో ఫోటోలో గోడ పక్కన ఎర్ర చొక్కాతో చిన్నగా కనిపిస్తున్నది మీ బాబాయే. గోడ ఎంత ఎత్తుంటుందో లెక్కగట్టి నాకు చెప్పండి.

మీ తాత