తెట్టు మాయమైతే చమురు పోయినట్టేనా?

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందైనా సాయంత్రం పూట కాసేపు నిలబడితే చాలు, ఈ వ్యాసంలో చెప్పబోయే రసాయన శాస్త్రం చాలావరకు కళ్ల ముందే జరుగుతుంది. పగలంతా లారీల కింద కారిన ఇంజన్ ఆయిల్ నేలమీద నల్లగా పేరుకుని ఉంటుంది. పనికుర్రవాడు దానిమీద గుప్పెడు సబ్బుపొడి చల్లి, చీపురుతో గట్టిగా రుద్ది, రెండు బకెట్ల నీళ్లు కుమ్మరిస్తాడు. నల్లటి జిడ్డు బూడిదరంగు పాలలా మారి కాలువలోకి జారిపోతుంది. నేల శుభ్రపడుతుంది. కాలువ నీటిమీద రంగురంగుల తెర కూడా పెద్దగా కనిపించదు. కానీ నేలమీద పడిన ఆయిల్ ఎంతో కాలువలోకి పోయిన ఆయిల్ కూడా అంతే, ఒక్క చుక్క తగ్గలేదు.

సముద్రంలో ఓడ పగిలో, బావి అదుపు తప్పో ముడి చమురు తెట్టు కట్టినప్పుడు విమానాల నుంచి, పడవల నుంచి చల్లే డిస్పర్సెంట్లు, అంటే చమురును చెదరగొట్టే రసాయనాలు, చేసే పనీ ఇదే. మర్నాడు పత్రికల్లో ‘రసాయనాలతో చమురును తొలగించారు’ అని వస్తుంది. నిజానికి ఎవరూ తొలగించరు, పైన ఉన్నదాన్ని లోపలికి పంపుతారు. పైన ఉంటే పక్షులకు, తాబేళ్లకు, తీరానికి ముప్పు. లోపలికి వెళితే చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు, అడుగున బతికే జీవాలకు ముప్పు. కాబట్టి డిస్పర్సెంట్ చల్లడమంటే శుభ్రం చేయడం కంటే నష్టాన్ని ఎవరి నెత్తిన వేయాలో తేల్చడమే ఎక్కువ. ఆ తేల్చేది మాత్రం నష్టపోయేవాళ్లు కాదు.

డిస్పర్సెంటులో ప్రధానంగా రెండు రకాల పదార్థాలుంటాయి. మొదటివి సబ్బు జాతి అణువులు. వీటికి ఒక కొస నీటితో కలుస్తుంది, రెండో కొస నూనెను పట్టుకుంటుంది. రెండోది, ఈ అణువులను చిక్కటి చమురులోకి చొరబడేలా చేసే ద్రావణి. రెండూ కలిసి చమురుకూ నీటికీ మధ్య ఉన్న తలతన్యతను బాగా తగ్గించేస్తాయి. అప్పుడు అల తాకిడికి తెట్టు సన్నటి బిందువులుగా చితికిపోతుంది. సుమారు 70 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవైన బిందువులు మళ్లీ పైకి తేలడం కష్టం, నీటి కదలికలు వాటిని లోపలే తిప్పుతుంటాయి. సాధారణంగా 20 పాళ్ల చమురుకు ఒక పాలు డిస్పర్సెంట్ చొప్పున చల్లుతారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. ఒక మిల్లీమీటరు వ్యాసమున్న చమురు చుక్కను 10 మైక్రాన్ల చుక్కలుగా చిదిపితే పది లక్షల చుక్కలవుతాయి. చమురు పరిమాణం అంతే ఉంటుంది, నీటిని తాకే ఉపరితలం మాత్రం 100 రెట్లు పెరుగుతుంది. డిస్పర్సెంట్లను వెనకేసుకొచ్చేవారి వాదన, తప్పుపట్టేవారి వాదన రెండూ ఈ లెక్కలోంచే పుట్టాయి. ఉపరితలం పెరిగితే చమురును తినే బ్యాక్టీరియాకు కొరకడానికి అంచులు ఎక్కువ దొరుకుతాయి, చమురు త్వరగా విచ్ఛిన్నమవుతుంది అన్నది మొదటి పక్షం. అదే ఉపరితలం గుండా చమురులోని విషాలూ నీటిలోకి ఎక్కువగా దిగుతాయి అన్నది రెండో పక్షం. చిక్కేమిటంటే, ఇద్దరి మాటా నిజమే.

ఈ రసాయనాలకు చెడ్డపేరు తెచ్చిన మొదటి సంఘటన 1967 మార్చి 18న జరిగింది. ‘టోరీ కాన్యన్’ అనే ట్యాంకరు బ్రిటన్‌లోని కార్న్‌వాల్ తీరం దగ్గర రాతిగుట్టలకు తగిలి, దానిలోని సుమారు 1,19,000 టన్నుల ముడి చమురు సముద్రం పాలైంది. అంత పెద్ద ప్రమాదాన్ని అంతకు ముందు ఎవరూ చూడలేదు. తోచిన మందు వాడారు. యంత్రాలకు, నేలకు పట్టిన గ్రీజును వదిలించే డిటర్జెంట్లను దాదాపు 10,000 టన్నులు తెచ్చి, నీటిమీదా తీరంలోని రాళ్లమీదా కుమ్మరించారు. వాటిలోని ద్రావణులు చమురు కంటే విషపూరితమైనవి.

ఆ రాళ్లమీద లింపెట్ అనే నత్తజాతి జీవి ఉంటుంది. శంకువులాంటి చిన్న చిప్పతో రాతిని అంటిపెట్టుకుని, పాచిని గీరి తింటూ బతుకుతుంది. డిటర్జెంట్ పడినచోట లింపెట్లు గుంపులు గుంపులుగా రాలిపోయాయి. గీరేవాళ్లు లేకపోవడంతో రాళ్లన్నీ పచ్చటి నాచుతో నిండిపోయాయి. చూసేవారికి అది ప్రకృతి కోలుకున్నట్టే కనిపించి ఉంటుంది! నిజానికి అక్కడి జీవజాలం మునుపటి తూకానికి రావడానికి పదేళ్లు దాటింది, కొన్నిచోట్ల పదిహేనేళ్ల దాకా పట్టింది. అదే తీరంలో గాడ్రెవీ అనే చోట సీల్ అనే సముద్ర జంతువులు ఉన్నాయని డిటర్జెంట్ చల్లలేదు. చమురు మాత్రం అక్కడికీ కొట్టుకొచ్చింది. ఆ రాళ్లు రెండు మూడేళ్లలోనే కోలుకున్నాయి. కావాలని ప్రయోగం చేసినా ఇంత స్పష్టమైన జవాబు వచ్చేది కాదేమో.

తర్వాతి దశాబ్దాల్లో తయారీదారులు ఆ ఘాటు ద్రావణులను మార్చారు. 1996 ఫిబ్రవరిలో వేల్స్ తీరంలో ‘సీ ఎంప్రెస్’ నుంచి 72,000 టన్నుల చమురు కారినప్పుడు, తీరానికి దూరంగా ఉన్న నీటిలో కొద్ది వందల టన్నుల డిస్పర్సెంట్ చల్లితే చాలా చమురు ఒడ్డుకు రాకుండా ఆగింది. అది సరైన నిర్ణయమేనని ఎక్కువమంది నిపుణుల మాట. చమురు పలచనిది, సముద్రం లోతుగా ఉంది, అలలు గట్టిగా ఉన్నాయి. మూడూ కలిసొచ్చాయి. ప్రతిచోటా కలిసిరావు.

2010లో మెక్సికో సింధుశాఖలో జరిగిన దాని గురించే ఈ విషయంలో ఇప్పటికీ ఎక్కువ చర్చ. ఏప్రిల్ 20న ‘డీప్‌వాటర్ హొరైజన్’ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. సుమారు 1,500 మీటర్ల లోతున ఉన్న బావి నోరు 87 రోజులపాటు చమురు కక్కింది. అమెరికా చరిత్రలో ఎన్నడూ లేనంతగా, దాదాపు 70 లక్షల లీటర్ల డిస్పర్సెంట్ వాడారు. అందులో సుమారు 29 లక్షల లీటర్లను ఉపరితలం మీద కాకుండా నేరుగా సముద్రం అడుగున బావి నోట్లోకే గుప్పించారు. అంత లోతున అలా చేయడం అదే మొదటిసారి. ఫలితం ఏమవుతుందో చెప్పగల అనుభవం ఎవరికీ లేదు.

వాడిన సరుకు పేరు కోరెక్సిట్. అందులో ఏమేమి ఉన్నాయన్నది మొదట్లో వ్యాపార రహస్యం. తక్కువ విషం ఉన్నది వెతకమని అమెరికా పర్యావరణ సంస్థ మే నెలలో చమురు కంపెనీని ఆదేశించింది. సరిపడా దొరికేది ఇదేనని కంపెనీ బదులిచ్చింది, చల్లడం సాగింది. జూన్‌లో గానీ పదార్థాల జాబితా జనానికి తెలియలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా అనిపించేది ఇదే. రసాయనం మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి మాట. పడవల్లో పనిచేసేవాళ్లకు తాము పీలుస్తున్నదేమిటో తెలియకుండా వారాలు గడవడం ఏ లెక్కన చూసినా సమర్థించలేనిది.

జాబితా బయటికొచ్చాక సమర్థకులు ఒక మాట పట్టుకున్నారు: ఇవన్నీ ఇళ్లలో వాడేవే కదా అని. నిజమే, అందులోని ముఖ్యమైన సబ్బు అణువు డాక్యుసేట్ మలబద్ధకానికి ఇచ్చే మందు కూడా. కానీ మందుబిళ్లలో మిల్లీగ్రాముల్లో ఉండేదాన్ని లక్షల లీటర్లుగా, అదీ చమురుతో కలిపి, వెలుగు చేరని చల్లటి నీటిలోకి వదిలితే అదే న్యాయం ఎలా వర్తిస్తుంది? చల్లడం ఆపిన 64 రోజుల తర్వాత కూడా, బావికి 300 కిలోమీటర్ల దూరం వరకు లోతునీటిలో ఆ పదార్థం ఆనవాళ్లు దొరికాయి. బావికి 11 కిలోమీటర్ల దూరంలో సముద్రగర్భంలోని పగడాలు గోధుమరంగు నుసి కప్పుకుని చచ్చిపోతూ కనిపించాయి. నీటిలో వేలాడే చమురు బిందువులు సూక్ష్మజీవుల జిగురుతో, బురదతో కలిసి ముద్దలై అడుగుకు రాలడం కూడా అప్పుడే బాగా గమనానికి వచ్చింది.

ఇంతకీ విషం ఎంత? పరిశోధకుల మధ్య పెద్ద పేచీ ఇక్కడే. రోటిఫర్లనే సూక్ష్మజీవుల మీద 2013లో అచ్చయిన ఒక అధ్యయనం చమురూ కోరెక్సిట్ కలిసిన మిశ్రమం విడివిడిగా ఉన్నదాని కంటే 52 రెట్ల దాకా విషపూరితం కావచ్చని చెప్పింది. అమెరికా పర్యావరణ సంస్థ రొయ్యజాతి జీవులమీద, చిన్న చేపలమీద చేసిన పరీక్షల్లో మాత్రం మిశ్రమం దాదాపు చమురంత విషంగానే తేలింది. ఒకరిది అబద్ధం కానక్కర్లేదు. నీటిలోకి నిజంగా చేరిన చమురును కొలిచి పోలిస్తే తేడా తగ్గుతుంది. పాత్రలో పోసిన మొత్తం చమురుతో పోలిస్తే తేడా పెరుగుతుంది. ప్రయోగశాలలో మొదటి కొలత న్యాయమైనదే. కానీ సముద్రంలోని చేపపిల్లకు కావలసింది రెండోది. డిస్పర్సెంట్ చల్లకపోయి ఉంటే ఆ చమురులో ఎక్కువ భాగం దాని దగ్గరికే వచ్చేది కాదు కదా.

ఆ చేపపిల్లకు జరిగేదేమిటో చాలావరకు తెలుసు. ముడి చమురులోని బహువలయ హైడ్రోకార్బన్లు చేపల గుండె కణాల్లో విద్యుత్ సంకేతాలను దెబ్బతీస్తాయి. ట్యూనా చేపల మీద జరిపిన పరిశోధనలో ఇది స్పష్టంగా కనిపించింది. గుడ్డులోనే గుండె వంకరగా తయారైన పిల్ల బతికినా సరిగా ఈదలేదు. ఇక సూక్ష్మ రొయ్యల్లాంటి జంతు ప్లవకాలు చమురు బిందువులను తమ మేతతో పాటే మింగేస్తాయి, ఎందుకంటే రెండూ ఒకే పరిమాణంలో ఉంటాయి. బ్యాక్టీరియా సంగతి కూడా చెప్పుకున్నంత సాఫీగా లేదు. డిస్పర్సెంట్ వల్ల కొన్ని చమురు తినే జాతులు తగ్గాయని 2015లో ఒక పరిశోధన బృందం చూపింది. చమురు బాగా పలచబడ్డాక వేగంగానే విచ్ఛిన్నమైపోయిందని మరికొందరు చూపారు.

మనుషుల సంగతికి వస్తే, అమెరికాలో ఆ చమురును శుభ్రం చేసిన సుమారు 33,000 మందిని ఏళ్ల తరబడి పరిశీలిస్తున్న అధ్యయనం ఒకటుంది. డిస్పర్సెంట్లకు గురైనవారిలో దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగబట్టడం, కళ్లు, ముక్కు, గొంతు మంటలు ఎక్కువగా కనిపించాయని 2017లో ఆ పరిశోధకులు వెల్లడించారు. అక్కడ చమురు ఆవిర్లు, ఎండ, పొగ అన్నీ కలిసే ఉన్నాయి కాబట్టి దేని వాటా ఎంతో విడదీయడం తేలిక కాదు. మొదట్లో వాడిన ఒక రకంలో 2-బ్యూటాక్సీ ఇథనాల్ అనే ద్రావణి ఉండేది. ప్రయోగశాల ఎలుకల్లో అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మనుషులు దానికి అంత తేలిగ్గా లొంగరు గానీ కళ్లకూ ముక్కుకూ అది మంచిది కాదు. డిస్పర్సెంట్ కలిసిన తెట్టుమీద అల విరిగినప్పుడు మరీ సన్నటి కణాలు గాలిలోకి ఎక్కువగా లేస్తాయని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ప్రయోగాలు చూపాయి. మరోవైపు చూస్తే, అడుగునే డిస్పర్సెంట్ గుప్పించడం వల్ల బావి పైన ఓడల్లో పనిచేసినవారికి చమురు ఆవిరిలో ఉండే బెంజీన్ అనే విషం బెడద తగ్గిందని కూడా ఒక పరిశోధన లెక్కగట్టింది. పైవాడికి మేలు, కిందివాడికి కీడు. అక్కడా అదే తంతు.

సముద్రం ఎక్కడో ఉంది, మనకెందుకు అని విజయవాడలో కూర్చుని అనుకోవచ్చు. మచిలీపట్నం ఇక్కడికి 70 కిలోమీటర్లే. మన చేపల మార్కెట్లకు వచ్చే చందువలు, పీతలు ఆ తీరాలవే. కృష్ణా గోదావరి బేసిన్‌లో కాకినాడ తీరానికి ఎదురుగా లోతు సముద్రపు బ్లాకు నుంచి 2024 జనవరిలో ఓఎన్‌జీసీ చమురు తీయడం మొదలుపెట్టింది. విశాఖకు, చెన్నైకి పోయే ట్యాంకర్ల దారి కూడా ఈ బంగాళాఖాతమే. దేశంలో చమురు తెట్టు మీద ఏం చేయాలో చూసే బాధ్యత కోస్ట్ గార్డ్‌ది, దాని అనుమతి లేకుండా డిస్పర్సెంట్ చల్లకూడదు. లోతు తక్కువ ఉన్నచోట చల్లకూడదన్న జాగ్రత్త కూడా ఉంది. చిదిగిన చమురు పలచబడటానికి కింద నీళ్లుండాలి మరి.

కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి, నాగాయలంక వైపు తీరం సరిగ్గా అలాంటి నిస్సార జలాలది. మడ అడవుల వేళ్ల మధ్యే చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగుతాయి. చిక్కటి చమురు మడచెట్ల శ్వాసవేళ్లను కప్పేస్తే చెట్టు ఊపిరాడక చస్తుంది. అందుకే తెట్టును దూరంగా ఉండగానే చెదరగొట్టాలన్న వాదనకు ఇక్కడ బలముంది. కానీ దగ్గరికొచ్చాక చల్లితే రొయ్యపిల్లల మీదే చల్లినట్టు. ఇంకో చిక్కుంది. చాలా డిస్పర్సెంట్లు ఉప్పునీటి కోసం తయారైనవి, ఉప్పదనం తగ్గితే వాటి పనితనం తగ్గుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లోలా ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోతున్న రోజుల్లో ముఖద్వారం దగ్గర సముద్రపు పైపొర ఎంత చప్పబడుతుందో ఊహించుకోవచ్చు. బాపట్ల తీరంలోని రొయ్యల హేచరీలు కూడా సముద్రపు నీటినే తోడుకుంటాయి. పైన తేలే తెట్టును కంటితో చూసి మోటారు ఆపవచ్చు, లోపల కలిసిన బిందువులను చూసి ఆపలేం.

2017 జనవరిలో చెన్నై పక్కనున్న ఎన్నూరు దగ్గర రెండు నౌకలు ఢీకొని ఇంధన చమురు కారినప్పుడు, ఒడ్డుకు చేరిన ముద్దలను జనం బకెట్లతో తోడారు. ఫొటోలు చూసి నవ్వినవాళ్లున్నారు. చిక్కటి ఇంధన చమురు మీద డిస్పర్సెంట్లు అంతగా పనిచేయవు, ఒడ్డు చేరాక అసలే పనికిరావు. కాబట్టి బకెట్ ఎంత మొరటుగా కనిపించినా చమురును నిజంగా బయటికి తీసింది అదే. నవ్వవలసింది, కాదు ఏడవవలసింది, చాలామంది చేతులకు తొడుగుల్లేకుండా ఆ పనికి దిగడం గురించి.

సూర్యలంకలోనో మంగినపూడిలోనో ఎప్పుడైనా ఇసుకమీద చమురు ముద్దలు కనిపిస్తే సబ్బునీళ్లు పోయవద్దు, ఇసుకలోకి తొక్కవద్దు. సముద్రంలో ఆపదలకు కోస్ట్ గార్డ్ నంబరు 1554. పిల్లలను, గర్భిణులను, ఉబ్బసం ఉన్నవారిని గాలి వాలుకు దూరంగా పంపాలి. చేతికి అంటితే పెట్రోలుతో, కిరసనాయిలుతో కడిగితే చర్మం పొక్కుతుంది, చమురు ఇంకా లోపలికి పోతుంది. కాస్త వంటనూనె రాసి, పాతగుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. తుడిచిన గుడ్డను కూడా పోగుచేసిన చమురు సంచిలోనే వేయాలి.